ఫెడివర్స్‌లో ఇతర సర్వర్లను పరిమితం చేయడం: ఏ చర్య, ఎంత మేరకు

ఎవరికి వారు నడుపుకునే సర్వర్లు ఒకదానితో ఒకటి కలిసి ఏర్పడిన ఫెడరేటెడ్ సోషల్ నెట్‌వర్క్‌లో (దీన్నే ఫెడివర్స్ అంటారు) ఒక సర్వర్‌ను నడిపేవారికి సొంత సభ్యుల విషయంలో పెద్ద సందిగ్ధం ఉండదు. నియమాలు వారు రాసుకున్నవే, ఖాతా ఇచ్చింది వారే, హెచ్చరించినా తొలగించినా నిర్ణయం పూర్తిగా వారి చేతిలోనే ఉంటుంది. ఇతర సర్వర్ల సభ్యుల దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. అక్కడి ఖాతాను తొలగించే అధికారం ఇక్కడివారికి లేదు. అక్కడి నియమాలను మార్చమని అడగగలరు తప్ప మార్చలేరు. అక్కడి నుంచి వచ్చేదానిలో దేనిని స్వీకరించాలి, స్వీకరించినదాన్ని ఎవరికి చూపించాలి, ఇక్కడి నుంచి ఏది అక్కడికి వెళ్లనివ్వాలి అన్న మూడు విషయాలు మాత్రమే వారి అధీనంలో ఉంటాయి. ఇవి మూడూ వేర్వేరు ప్రశ్నలు. అయినా చాలామంది నిర్వాహకులు మూడింటికీ కలిపి ఒకే సమాధానంగా పూర్తి నిషేధాన్ని ఎంచుకుంటారు. ఏ తప్పూ చేయని సభ్యులు రాత్రికి రాత్రి తమ పరిచయాలను కోల్పోవడం ఎక్కువగా ఇలాంటి సందర్భాల్లోనే జరుగుతుంది.

ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే ఈ చర్యల బలాబలాలు అర్థమవుతాయి. ఇలాంటి సర్వర్లు నడపడానికి వాడే సాఫ్ట్‌వేర్లలో ప్రముఖమైన మాస్టడాన్ 2016లో మొదలైంది. సర్వర్లు పరస్పరం మాట్లాడుకునే యాక్టివిటీపబ్ ప్రొటోకాల్‌ను ప్రపంచ వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018 జనవరిలో అధికారిక సిఫారసుగా ప్రకటించింది. ఒక సర్వర్ సభ్యుడు మరో సర్వర్‌లోని వ్యక్తిని ఫాలో అయినప్పుడు, ఆ వ్యక్తి రాసే ప్రతి పోస్టు నకలు ఇక్కడికి చేరి ఇక్కడి డేటాబేస్‌లో నిలవ ఉంటుంది. చిత్రాలు, వీడియోలు కూడా సాధారణంగా ఇక్కడి డిస్కులోనే నకలుగా దాచబడతాయి. అంటే ఇతర సర్వర్‌ను అదుపు చేయడం అంటే, నిజానికి మన దగ్గరికి చేరే నకళ్లను అదుపు చేయడమే. మూలం ఎక్కడిదక్కడే ఉంటుంది. యాక్టివిటీపబ్‌లో బ్లాక్ అనే క్రియ ఉన్నమాట నిజమే కానీ, అది ఒక వ్యక్తి మరో వ్యక్తిని నిరోధించడానికి ఉద్దేశించినది. ఒక సర్వర్ మొత్తం మరో సర్వర్ మొత్తంతో ఎలా వ్యవహరించాలో ప్రొటోకాల్ నిర్దేశించలేదు. ఆ బాధ్యత సాఫ్ట్‌వేర్ రాసేవారి మీద పడింది. అందుకే మాస్టడాన్‌లో ఉన్న సదుపాయం రెడిట్ తరహా చర్చావేదికల సాఫ్ట్‌వేర్ అయిన లెమ్మీలో ఉండకపోవచ్చు, లెమ్మీలో ఉన్నది మాస్టడాన్ లాంటి మరో సాఫ్ట్‌వేర్ అయిన ప్లెరోమాలో వేరే రూపంలో కనిపించవచ్చు.

మాస్టడాన్‌లో ఒక డొమైన్‌పై, అంటే ఆ పేరుతో నడిచే సర్వర్‌పై, తీసుకునే చర్యలకు స్థాయిలు ఉన్నాయి. అన్నిటికంటే తక్కువ స్థాయిలో, ఖాతాల మీద ఏ ఆంక్షా లేకుండా ఆ డొమైన్ నుంచి వచ్చే మీడియా ఫైళ్లను మాత్రమే తిరస్కరించవచ్చు, లేదా అక్కడి నుంచి వచ్చే ఫిర్యాదులను పట్టించుకోకుండా వదిలేయవచ్చు. ఫిర్యాదుల తిరస్కరణ చిన్న విషయంగా కనిపించినా, మోడరేటర్లను విసిగించడానికే ఒక సర్వర్ నుంచి గుంపుగా తప్పుడు ఫిర్యాదులు వచ్చిపడే రోజుల్లో దాని విలువ తెలుస్తుంది. మీడియా తిరస్కరణకు ఇంతకంటే గంభీరమైన కారణం ఉంది. 2023 జూలైలో స్టాన్‌ఫర్డ్ ఇంటర్నెట్ అబ్జర్వేటరీ పరిశోధకులు రెండు రోజుల వ్యవధిలో మాస్టడాన్ నెట్‌వర్క్‌లోని సుమారు 3,25,000 పోస్టులను పరిశీలించి, పిల్లలపై లైంగిక అకృత్యాలకు సంబంధించి ముందే గుర్తింపు పొందిన చిత్రాలతో 112 సరిపోలికలు కనుగొన్నట్టు నివేదించారు. అలాంటి చిత్రం నకలు తెలియకుండానే తన డిస్కులో నిలవ ఉండటం ఏ నిర్వాహకుడికైనా నైతికంగానూ చట్టపరంగానూ భరించరానిది. ఆ కంటెంటును తెలిసి ఉపేక్షించే సర్వర్ విషయంలో మీడియా తిరస్కరణతో సరిపెట్టడం చాలదు, పూర్తి నిషేధమే సరి. అశ్రద్ధగా నడుస్తున్నట్టు అనుమానం ఉన్న సర్వర్ విషయంలో మాత్రం, విచారణ పూర్తయ్యేలోగా వేయగల మొదటి అడ్డుకట్ట మీడియా తిరస్కరణే.

దీని పై స్థాయి లిమిట్. పూర్వం దీన్ని సైలెన్స్ అనేవారు. నిర్వాహకుల చేతిలో ఉన్నవాటిలో అత్యంత ఉపయోగకరమైనదీ, అందరూ అతి తక్కువగా అర్థం చేసుకున్నదీ ఇదేనని చెప్పవచ్చు. ఒక సర్వర్‌ను లిమిట్ చేసినప్పుడు అక్కడి ఖాతాలను ఇప్పటికే ఫాలో అవుతున్నవారికి ఏ మార్పూ తెలియదు. వారి హోమ్ టైమ్‌లైన్‌లోకి పోస్టులు ఎప్పటిలాగే వస్తుంటాయి. అయితే ఆ పోస్టులు, ఫాలో కానివారివి కూడా కలిపి అందరి పోస్టులు చూపే పబ్లిక్ టైమ్‌లైన్లలో కనిపించవు. ఆ సర్వర్ నుంచి అపరిచితుడెవరైనా ఇక్కడి సభ్యుడిని ప్రస్తావిస్తూ రాస్తే ఆ నోటిఫికేషన్ సభ్యుడి ముందుకు మామూలుగా రాదు. అక్కడివారు ఇక్కడి సభ్యులను ఫాలో కావాలంటే అది అభ్యర్థనగా చేరి, సభ్యుడు ఆమోదించాకే అమలవుతుంది. ప్రొఫైల్ తెరిస్తే, మోడరేటర్లు దీన్ని దాచిపెట్టారన్న సూచన కనిపిస్తుంది. అయినా చూడదలచినవారు ఒక్క నొక్కుతో చూడవచ్చు. అంటే అపరిచితుల తాకిడి ఆగుతుంది, కోరి కుదుర్చుకున్న పరిచయం నిలుస్తుంది. వేధింపు అన్నది చాలావరకు అపరిచితుల నుంచే వస్తుంది కనుక, సభ్యులకు జరిగే హానిలో అధికభాగాన్ని లిమిట్ ఒక్కటే అడ్డుకోగలదు.

సస్పెండ్, అంటే పూర్తి నిషేధం, అన్నది వేరే జాతి చర్య. ఆ డొమైన్ నుంచి ఇకపై ఏదీ స్వీకరించరు. నిలవ ఉన్న పోస్టులు, చిత్రాలు, ప్రొఫైళ్లు తొలగిపోతాయి. రెండు వైపులా ఉన్న ఫాలో సంబంధాలు తెగిపోతాయి. ఈ చివరిదే అన్నిటికంటే బరువైనది, ఎందుకంటే తర్వాత నిషేధం ఎత్తివేసినా ఆ సంబంధాలు వాటంతట అవి తిరిగి రావు. ఒక్కొక్కరూ ఒక్కొక్కరిని వెతికి మళ్లీ ఫాలో కావలసిందే. చాలాకాలం పాటు ఈ తెగతెంపుల సంగతి సభ్యులకు తెలిసేదే కాదు. స్నేహితుడు రాయడం మానేశాడనుకొని ఊరుకున్నవారు ఎందరో. 2024 అక్టోబరులో వచ్చిన 4.3 వెర్షన్‌తో మాస్టడాన్ ఈ లోపాన్ని సరిదిద్దింది. నిర్వాహకుల నిర్ణయం వల్ల ఎన్ని సంబంధాలు తెగిపోయాయో సభ్యుడికి ఇప్పుడు నోటిఫికేషన్ వస్తుంది, పోయినవారి జాబితాను డౌన్‌లోడ్ చేసుకునే వీలు కూడా ఉంది. ఒక సాంకేతిక సదుపాయంగా ఇది చిన్నదే. కానీ నిర్వాహకుడి నిర్ణయానికి ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో మొదటిసారి కళ్లకు కట్టించినది ఇదే.

మరి ఏ సందర్భంలో లిమిట్, ఏ సందర్భంలో సస్పెండ్? హాని తీవ్రతను మాత్రమే కొలమానంగా తీసుకుంటే సమాధానం దొరకదు. తప్పు సభ్యుడిదా, సర్వర్ నిర్వహణదా అన్నది ముందు తేలాలి. ఎంత మంచి సర్వర్‌లోనైనా వేధించేవాడు ఒకడు చేరవచ్చు. అక్కడి మోడరేటర్లు ఫిర్యాదు అందగానే చర్య తీసుకుంటున్నంత కాలం ఆ ఒక్క ఖాతాను ఆపితే చాలు. మాస్టడాన్‌లో ఫిర్యాదును అవతలి సర్వర్‌కు కూడా పంపే వీలుంది, ఫిర్యాదు చేసిన వ్యక్తి పేరు అవతలివారికి వెల్లడి కాదు. ఈ దారిని వాడి చూడకుండానే సర్వర్ మొత్తాన్ని నిషేధించడం తొందరపాటు. అందుకు భిన్నంగా, నిర్వాహకులే ద్వేషాన్ని ఆహ్వానిస్తూ సర్వర్ నడుపుతుంటే ఫిర్యాదు పంపడం వృథా మాత్రమే కాదు, కొన్నిసార్లు ప్రమాదకరం కూడా. 2019 జూలైలో, ఫార్-రైట్ వర్గాల సోషల్ నెట్‌వర్క్‌గా పేరుపడిన గ్యాబ్ తన వేదికను మాస్టడాన్ కోడ్ మీదికి మార్చినప్పుడు ఇది స్పష్టంగా కనిపించింది. అక్కడ సమస్య ఫలానా ఖాతాలది కాదు, ఆ వేదిక ఏర్పడిన ఉద్దేశానిదే. ఎన్నో సర్వర్లు ఎదురుచూడకుండా దాన్ని నిషేధించాయి. టస్కీ వంటి యాప్ తయారీదారులు తమ యాప్ నుంచి ఆ సర్వర్‌లోకి లాగిన్ కావడాన్ని కూడా అడ్డుకున్నారు. ఆ నిర్ణయం సరైనదే. అలాంటిచోట లిమిట్‌తో సరిపెట్టి ఉంటే, తమ సభ్యుల పోస్టులు అక్కడికి చేరి వేధింపులకు ముడిసరుకుగా మారడాన్ని చూస్తూ ఊరుకున్నట్టే అయ్యేది.

ఈ రెండింటికీ నడుమ మూడో తరహా ఉంది: దురుద్దేశం లేదు, కానీ పట్టించుకునేవారూ లేరు. 2024 ఫిబ్రవరిలో ఫెడివర్స్‌ను ముంచెత్తిన స్పామ్ దాడి ఈ కోవకు చెందినది. ఎవరైనా చేరగలిగేలా తలుపులు తెరిచి ఉంచి, నిర్వాహకులు దాదాపు మరిచిపోయిన చిన్న చిన్న సర్వర్లలో దాడి చేసినవారు యాంత్రికంగా ఖాతాలు తెరిచి, వాటి నుంచి లెక్కలేనన్ని ప్రస్తావనలు పంపారు. ఆ సర్వర్లు ఎవరికీ శత్రువులు కావు, వాటిలో నిజమైన సభ్యులూ ఉన్నారు. ఈ పరిస్థితికి తగిన మందు లిమిట్. అపరిచితుల ప్రస్తావనలను అది సభ్యుల దాకా రానివ్వదు, నిర్వాహకుడు మేల్కొని శుభ్రం చేశాక తొలగిస్తే ఏ నష్టమూ మిగలదు. ఆ రోజుల్లో సస్పెండ్ చేసిన సర్వర్లు కూడా ఉన్నాయి. దాడి సద్దుమణిగాక ఆంక్ష ఎత్తివేసినా అప్పటికే తెగిన సంబంధాలు తెగినట్టే ఉండిపోయాయి. మాస్టడాన్ తయారీదారులు అదే నెలలో విడుదల చేసిన 4.2.8 వెర్షన్‌లో, మోడరేటర్ల జాడ కొంతకాలం లేకపోతే ఆ సర్వర్ దానంతట అదే ఆమోదంతో కూడిన నమోదుకు మారిపోయే ఏర్పాటు చేశారు. ఇతరులు తమను పరిమితం చేయవలసిన అవసరం రాకుండా ముందే చూసుకునే ఇలాంటి ఏర్పాట్లు మరిన్ని రావాలి.

మధ్యస్థమైన చర్య సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే ఏమవుతుందో లెమ్మీ అనుభవం చెబుతుంది. 2023 జూన్‌లో రెడిట్ నుంచి జనం వెల్లువలా తరలివచ్చినప్పుడు, జాగ్రత్తగా పెంచుకున్న సమాజంగా పేరున్న బీహా సర్వర్, నమోదుకు అడ్డులేని రెండు పెద్ద సర్వర్లతో సంబంధం తెంచుకుంది. అందులో ఒకటి లెమ్మీ.వరల్డ్. అక్కడి నుంచి వచ్చే అలజడిని తమ కొద్దిపాటి మోడరేటర్లతో, చేతిలో ఉన్న పరిమితమైన సాధనాలతో అదుపు చేయలేమన్నది వారు చెప్పిన కారణం. అప్పటి లెమ్మీలో సర్వర్ స్థాయిలో ఉన్నది రెండే రెండు స్థితులు: కలిసి ఉండటం, పూర్తిగా విడిపోవడం. అక్కడివారు చదవవచ్చు కానీ ఇక్కడ రాయకూడదు అనో, రాసినా ముందు పరిశీలించాలి అనో చెప్పే మార్గం లేదు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టినవారు చాలామంది బీహాను నిందించారు. నిజానికి నిందించవలసింది రెండే స్థితులు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను. అదే ఏడాది చివర వచ్చిన 0.19 వెర్షన్‌లో లెమ్మీ వ్యక్తిగత స్థాయిలో సర్వర్‌ను బ్లాక్ చేసే వీలు కల్పించింది కానీ, అది ఆ సర్వర్‌లోని కమ్యూనిటీల పోస్టులను దాచుతుందే తప్ప అక్కడి వ్యక్తులు ఇతర చోట్ల రాసే వ్యాఖ్యలను దాచదు. బీహా ఎదుర్కొన్న సమస్య సరిగ్గా ఆ వ్యాఖ్యలదే.

ప్లెరోమా, దాని నుంచి పుట్టిన అకోమా దీనికి మరో కొసన ఉన్నాయి. వీటిలోని ఎంఆర్ఎఫ్ అనే యంత్రాంగం, లోపలికి వచ్చే ప్రతి సందేశాన్నీ నియమాల వరుస గుండా పంపి, అవసరమైతే దాన్ని మార్చగలదు. ఒక డొమైన్ నుంచి వచ్చే చిత్రాలన్నిటినీ సున్నితమైనవిగా గుర్తించడం, ఆ డొమైన్ పోస్టులను ఫెడరేటెడ్ టైమ్‌లైన్ (ఇతర సర్వర్ల పోస్టులను కూడా కలిపి చూపే పబ్లిక్ టైమ్‌లైన్) నుంచి మాత్రం తప్పించడం, ప్రొఫైల్ చిత్రాలను తీసేయడం, మితిమీరినంతమందిని ఒకేసారి ప్రస్తావించే పోస్టులను తిరస్కరించడం వంటివన్నీ విడివిడిగా అమర్చుకోవచ్చు. ఇంత సూక్ష్మమైన నియంత్రణ ఉండటం మెచ్చుకోదగినదే. అయితే తన పోస్టు అవతలి సర్వర్‌లో ఏ మార్పుకు గురైందో రాసిన వ్యక్తికి తెలిసే అవకాశం దాదాపు ఉండదు. అందువల్ల ఇలాంటి మార్పులు చేసే సర్వర్లు ఆ నియమాలను బహిరంగంగా ఉంచడం న్యాయం.

ఎంత గట్టి నిషేధమైనా ఏకపక్షంగా ఎంతవరకు పనిచేస్తుందన్నది చాలామంది గమనించని విషయం. సస్పెండ్ చేస్తే అవతలి నుంచి రావడం ఖాయంగా ఆగుతుంది. ఇక్కడి పబ్లిక్ పోస్టులు అవతలికి పోవడం మాత్రం దానంతట అది పూర్తిగా ఆగదు. మాస్టడాన్ మామూలు అమరికలో పబ్లిక్ పోస్టును ఎవరైనా, ఏ గుర్తింపూ చూపకుండా, వెబ్ చిరునామా ద్వారా తెచ్చుకోవచ్చు. మూడో సర్వర్‌లోని వ్యక్తి ఆ పోస్టును బూస్ట్ చేస్తే (అంటే తన ఫాలోవర్లకు మళ్లీ పంచితే), నిషేధిత సర్వర్ ఆ చిరునామా చూసి నేరుగా వచ్చి తీసుకుపోగలదు. దీన్ని అడ్డుకోవడానికి ఉద్దేశించినదే ఆథరైజ్డ్ ఫెచ్ అనే అమరిక. అది ఆన్‌లో ఉంటే పోస్టు అడిగే ప్రతి సర్వర్ తన సంతకంతో అడగాలి, సంతకం నిషేధిత డొమైన్‌ది అయితే సమాధానం రాదు. దీనివల్ల సర్వర్‌పై భారం పెరుగుతుంది, సంతకం చేయలేని కొన్ని పాత సాఫ్ట్‌వేర్లతో సంబంధం దెబ్బతింటుంది. పైగా పట్టుదల ఉన్నవాడు ఇంకో డొమైన్ కొని దాని సంతకంతో అడగగలడు. అయినా వేధింపులకు ఎక్కువగా గురయ్యే సమూహాల కోసం నడిచే సర్వర్లకు ఈ భారం భరించదగినదే. పబ్లిక్‌గా రాసినది పబ్లిక్‌గానే ఉంటుందన్న సత్యాన్ని మాత్రం సభ్యులకు ముందే చెప్పి ఉంచాలి. నిషేధం ఉంది కదా అన్న తప్పుడు భరోసాతో రాసి చిక్కుల్లో పడేది వారే.

ముందుగా ఆమోదించిన సర్వర్లతోనే మాట్లాడే పరిమిత ఫెడరేషన్ పద్ధతి కూడా మాస్టడాన్‌లో ఉంది. పాఠశాలలు, సంస్థల అంతర్గత వాడుక వంటి సందర్భాలకు అది పనికొస్తుంది. సాధారణ సర్వర్ ఈ పద్ధతికి మారితే ఫెడరేషన్ ప్రయోజనమే చాలావరకు పోతుంది.

సర్వర్ల సంఖ్య వేలల్లో ఉన్నప్పుడు ప్రతి నిర్వాహకుడూ ప్రతి డొమైన్‌నూ సొంతంగా పరిశీలించడం అసాధ్యం. అందుకే పంచుకునే జాబితాలు పుట్టాయి. కొందరు ఫెడిబ్లాక్ హ్యాష్‌ట్యాగ్‌తో హెచ్చరికలు రాస్తారు. మరికొందరు పలు సర్వర్ల నిషేధ జాబితాలను పోల్చి, ఎక్కువమంది నిషేధించిన డొమైన్లతో ఒక ఉమ్మడి జాబితా తయారుచేస్తారు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 4.1 వెర్షన్ నుంచి ఇలాంటి జాబితాలను ఫైలు రూపంలో ఎగుమతి, దిగుమతి చేసుకునే వీలు మాస్టడాన్‌లోనే ఉంది. కొత్తగా సర్వర్ తెరిచినవారికి ఇవి ఎంతో రక్షణ. పేరుమోసిన దుర్మార్గపు సర్వర్ల తాకిడిని మొదటి రోజే సభ్యుల మీద పడనివ్వడం క్షమించరాని నిర్లక్ష్యం. కానీ జాబితాను గుడ్డిగా దిగుమతి చేసుకోవడంలో ఉన్న అపాయం తక్కువది కాదు. వ్యక్తిగత తగాదాతో ఎవరో చేర్చిన పేరు పది సర్వర్లకు పాకుతుంది. ఆ పదింటిలో ఉందన్న కారణంతో పదకొండోది దాన్ని చేర్చుకుంటుంది. పదకొండు సర్వర్లు విడివిడిగా విచారించి ఒకే నిర్ణయానికి వచ్చినట్టు పైకి కనిపించినా, వెనక ఉన్నది ఒకే ఒక్క ఆరోపణ. ఈమెయిల్ ప్రపంచం 1990ల చివరి నుంచి స్పామ్ బ్లాక్‌లిస్టులతో ఈ అనుభవాన్నే చవిచూసింది. అక్కడ కూడా జాబితాలోకి చేరడం తేలిక, బయటపడటం కష్టం. దిగుమతి చేసిన జాబితాలో ఆధారాలు స్పష్టంగా ఉన్నవాటిని సస్పెండ్‌గా, మిగిలినవాటిని లిమిట్‌గా అమలుచేసి, తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటిగా పరిశీలించడం మేలైన పద్ధతి. పరిశీలనలో ఏ ఆధారమూ దొరకనిదాన్ని జాబితా నుంచి తీసేయడానికి వెనకాడకూడదు.

ఇక్కడే కారణం రాసి ఉంచవలసిన అవసరం ముందుకొస్తుంది. మాస్టడాన్‌లో ప్రతి డొమైన్ నిషేధానికీ రెండు రకాల వ్యాఖ్యలు జతచేయవచ్చు: మోడరేటర్లకు మాత్రమే కనిపించేది ఒకటి, అందరికీ కనిపించేది మరొకటి. నిషేధాల జాబితాను అందరికీ చూపాలా, లాగిన్ అయిన సభ్యులకే చూపాలా, ఎవరికీ చూపకూడదా అన్నది నిర్వాహకుడి ఇష్టం. బహిరంగ జాబితాలో డొమైన్ పేరులోని కొన్ని అక్షరాలను చుక్కగుర్తులతో మరుగుపరిచే వీలు కూడా ఉంది. ద్వేషపు సర్వర్ల పేర్లను పూర్తిగా ప్రకటిస్తే వాటికి దారి చూపినట్టవుతుందనీ, ప్రతీకారానికి గురవుతామనీ భయపడేవారి కోసం ఇది ఏర్పడింది, ఆ భయం నిరాధారం కాదు. అయినా కనీసం సభ్యులకైనా జాబితా, కారణాలు కనిపించాలి. "వేధింపు" అని ఒక్క మాట రాసి వదిలేస్తే రెండేళ్ల తర్వాత బాధ్యతలు తీసుకునే కొత్త మోడరేటరుకు అది దేనికీ పనికిరాదు. ఏ తేదీన, ఏ రకమైన పోస్టుల వల్ల, అవతలి నిర్వాహకులను సంప్రదించాక ఏ సమాధానం వచ్చాక ఈ నిర్ణయం తీసుకున్నారో నాలుగు వాక్యాలు రాసి ఉంచితే ఆ నిర్ణయాన్ని తర్వాతివారు సమర్థించగలరు, అవసరమైతే సరిదిద్దగలరు.

సంఖ్యాబలం మరో రకమైన పరీక్ష పెట్టింది. 2023 జూలైలో మెటా ప్రారంభించిన థ్రెడ్స్‌లో ఐదు రోజుల్లోనే పది కోట్ల మందికి పైగా చేరారు. ఆ వేదిక యాక్టివిటీపబ్‌తో కలుస్తుందన్న వార్తకే ఫెడివర్స్ రెండుగా చీలింది. కలవకముందే నిషేధిస్తామని ఫెడిప్యాక్ట్ పేరిట కొందరు నిర్వాహకులు ప్రతిజ్ఞ చేశారు. సభ్యులే తేల్చుకోవాలని మాస్టడాన్ స్థాపకుడు యూజెన్ రోచ్కో వైపు నుంచి వాదన వినిపించింది. 2023 డిసెంబరులో ప్రయోగాలు మొదలై, 2024 మార్చిలో కొన్ని దేశాల వాడుకదారులకు ఆ సదుపాయం తెరుచుకుంది. ఇంత పెద్ద వేదికకు ఒకే డొమైన్ ఉండటం వల్ల, అక్కడి రచయితనూ అక్కడి దుష్ప్రచారకుడినీ వేరుచేసి చూడటం సర్వర్ స్థాయి నిషేధానికి చేతకాదు. లిమిట్ ఎంచుకున్న సర్వర్లు రెండు వర్గాలకూ కొంత న్యాయం చేశాయనిపిస్తుంది: ఫెడరేటెడ్ టైమ్‌లైన్ ఆ ప్రవాహంలో మునిగిపోలేదు, అక్కడ బంధువులో స్నేహితులో ఉన్నవారు వారిని ఫాలో కాగలిగారు. ఆ సంస్థ చేతికి తమ పోస్టులు ఏ రూపంలోనూ చేరకూడదని కోరుకునేవారికి మాత్రం ఇది సరిపోదు. వారు తాము చేరే సర్వర్‌ను ఎంచుకునే ముందే దాని విధానం తెలుసుకోవడం తప్ప మరో దారి లేదు.

వ్యక్తిగత స్థాయిలో సభ్యుడికి ఉన్న అధికారాన్ని కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి. మాస్టడాన్‌లో ఏ సభ్యుడైనా ఒక డొమైన్‌ను తనవరకు నిరోధించవచ్చు. అక్కడి పోస్టులు పబ్లిక్ టైమ్‌లైన్లలోనూ నోటిఫికేషన్లలోనూ అతడికి కనిపించవు, అక్కడి ఫాలోవర్లు తొలగిపోతారు. 4.3 వెర్షన్‌లో వచ్చిన నోటిఫికేషన్ల వడపోతలో, మోడరేటర్లు లిమిట్ చేసిన ఖాతాల నుంచి వచ్చేవాటిని పక్కన వేరుగా ఉంచుకోవాలా, అసలే వద్దా అని సభ్యుడే నిర్ణయించుకోవచ్చు. ఇలా వ్యక్తిగత సాధనాలు బలపడినకొద్దీ, అభిరుచి భేదాలకు, రాజకీయ చిరాకులకు సర్వర్ మొత్తాన్నీ నిషేధించవలసిన అవసరం తగ్గుతుంది. అయితే వేధింపులకు గురవుతున్న వ్యక్తికి "నువ్వే బ్లాక్ చేసుకో" అని చెప్పి చేతులు దులుపుకోవడానికి వీటిని సాకుగా వాడుకోకూడదు. ఒక గుంపు పనిగట్టుకొని వెంటపడుతున్నప్పుడు ఒక్కొక్క డొమైన్‌నూ వెతికి నిరోధించే శ్రమ బాధితుడి మీద వేయడం మోడరేషన్ అనిపించుకోదు. అది సర్వర్ మోయవలసిన పని.

విధించిన ఆంక్షలను తిరిగి చూసుకోవడం అందరూ వాయిదా వేసే పని. సర్వర్లు చేతులు మారతాయి, నిర్వాహకులు మారతారు, కొన్ని మూతపడతాయి. ఇక్కడ సర్వర్‌కు గుర్తింపు అంటే డొమైన్ పేరే. మాస్టడాన్‌లో ఒక డొమైన్‌ను నిరోధిస్తే దాని ఉపడొమైన్లకు కూడా ఆంక్ష వర్తిస్తుంది. అందువల్ల పలువురు వేర్వేరు సర్వర్లు నడుపుకోవడానికి వీలిచ్చే హోస్టింగ్ సేవల మూల డొమైన్‌ను పొరపాటున చేర్చితే, సంబంధం లేని ఎన్నో సర్వర్లు ఒకేసారి వేటుకు గురవుతాయి. గడువు తీరిన డొమైన్‌ను మరెవరో కొని నిజాయితీగా సర్వర్ నడుపుకుంటుంటే పాత ఆంక్ష వారి మీద పడుతుంది. ఏడాదికి రెండుసార్లు జాబితా తెరిచి, లిమిట్‌లో ఉన్న సర్వర్ల నుంచి ఇటీవల ఫిర్యాదులు ఏవైనా వచ్చాయా, సస్పెండ్‌లో ఉన్నవి ఇంకా నడుస్తున్నాయా, నడుస్తుంటే వాటి నియమాలూ నిర్వాహకులూ అవేనా అని చూడటం ఒక మధ్యాహ్నపు పని. మార్పు కనిపించిన సర్వర్‌ను సస్పెండ్ నుంచి నేరుగా స్వేచ్ఛకు వదలకుండా ముందు లిమిట్‌కు మార్చి, కొన్ని వారాలు గమనించి, ఆ తర్వాత ఆంక్ష ఎత్తివేస్తే సభ్యులకు మళ్లీ హాని జరిగే అవకాశం తక్కువ. ఎత్తివేసిన సంగతిని సభ్యులకు ప్రకటన ద్వారా తెలియజేస్తే, లోగడ డౌన్‌లోడ్ చేసుకున్న జాబితా దగ్గర ఉన్నవారు తాము పోగొట్టుకున్నవారిని వెతికి మళ్లీ ఫాలో కాగలుగుతారు.